చిట్టి మళ్ళీ ఆగింది (టాపిక్ మాత్రం ఆర్‌సీ రెన్యువల్)

కిరణ్: రికార్డవుతోందా? సరే. ఈ వారం పదిహేనేళ్ళు దాటిన కారుకి ఆర్‌సీ రెన్యువల్. అన్నా, ముందే చెప్తున్నా, ఎర్త్ వైరు మాట ఎత్తితే నీ మైక్ కట్.

ప్రసాద్: నేనింకా నోరే తెరవలేదు కదరా. నీ కారు చిట్టి ఎలా ఉంది?

కిరణ్: అడక్కు. పంతంగి టోల్ క్యూలో మళ్ళీ ఆగింది. మిట్టమధ్యాహ్నం, ఏసీ ఆన్‌లో ఉంది, ఇంజిన్ వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు టక్కున సున్నాకి పడిపోయింది. సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతోంది, ఇంజిన్ అందుకోదు. పక్కకి తోసి, టీ తాగొచ్చి తాళం తిప్పితే స్టార్ట్. మెకానిక్ దగ్గరకెళ్తే కొత్త కోడలిలా ఒద్దిగ్గా ఉంటుంది. ఆయనేమో ఫ్యూయల్ పంపు మార్చేద్దాం అంటున్నాడు.

ప్రసాద్: ఎందుకట?

కిరణ్: వేడెక్కితే పంపు పట్టేస్తుందట.

ప్రసాద్: పట్టేయొచ్చు, కాదనను. కానీ ప్లగ్గులు మార్చావు, కాయిల్ మార్చావు, ఇప్పుడు పంపు. ఇది రిపేరు కాదు, లాటరీ. పంపు పోయేటప్పుడు చాలాసార్లు ముందు పికప్ తగ్గుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు గుంజుతుంది. నీది స్విచ్ ఆపినట్టు ఆగుతోంది.

కిరణ్: నువ్విక్కడ కూర్చుని చెప్తావు. నేను లారీల మధ్య ఉన్నాను అన్నా, వెనక సీట్లో అమ్మ ఉంది. ఆ టైంలో నాకు లాజిక్ ఎక్కడ తడుతుంది?

ప్రసాద్: ...అమ్మ ఉన్న సంగతి చెప్పలేదేం?

కిరణ్: చెప్తే కోదాడ టార్చిలైటు కథ మొదలుపెడతావని.

ప్రసాద్: ఈసారి పెట్టనులే. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. బండి ఆగి మళ్ళీ స్టార్ట్ అయ్యేలోపు ఉన్న ఆ కాసేపే మన పరీక్ష టైం. ముందు బండి పక్కకి, హజార్డ్ లైట్లు, అమ్మని దింపి దూరంగా కూర్చోబెట్టు. తర్వాత తాళం ఆన్‌లో పెట్టి, సెల్ఫ్ కొట్టకుండా, వెనక సీటు దగ్గర చెవి పెట్టు. రెండు సెకన్లు జుయ్యిమని వినిపిస్తే పంపుకి కరెంటు అందుతున్నట్టే. అప్పుడు సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం ముల్లు చూడు. మంచిగా ఉన్నప్పుడు కాస్త కదిలేది, ఇప్పుడు అస్సలు కదలకపోతే నా అనుమానం క్రాంక్ సెన్సర్ మీద, అంటే ఇంజిన్ తిరుగుతోందని బండి కంప్యూటర్‌కి చెప్పేది.

కిరణ్: మెకానిక్ సెన్సర్ని మీటర్ పెట్టి చూశాడు కదా, బానే ఉందన్నాడు.

ప్రసాద్: చల్లగా ఉన్నప్పుడు చూశాడు! లోపల తీగ చుట్ట వేడికి తెగినట్టవుతుంది, చల్లారితే మళ్ళీ కలుస్తుంది. ఆ సిగ్నల్ లేకపోతే ఈసీయూ, అదే ఆ కంప్యూటర్, స్పార్క్ ఇవ్వదు, ఇంజెక్టర్ తెరవదు, చాలా బళ్ళలో పంపుకి కరెంటిచ్చే రిలేని కూడా ఆపేస్తుంది. పంపు తిరగట్లేదని పంపు మార్చేస్తారు, దాన్ని ఆపినవాడు వేరే ఉన్నాడు.

కిరణ్: ఒకాయన వాయిస్ మెసేజ్ పెట్టారు, వేపర్ లాక్ అట, పంపు మీద తడిగుడ్డ వెయ్యమన్నారు.

ప్రసాద్: కార్బురేటర్ బళ్ళకి అది మంచి మందే. ఇంజిన్ పక్కనే పంపు, వేడికి పెట్రోలు ఆవిరైపోయేది. చిట్టికి పంపు ట్యాంకులో పెట్రోల్లో మునిగి ఉంటుంది, లైన్లో మూడు బార్ల దాకా ప్రెషర్. గుడ్డ ఎక్కడ వేస్తావు, డిక్కీలోనా? నీళ్ళే పోయాలనుకుంటే సెన్సర్ మీద పొయ్యి. ఇంజిన్ ఆపే ఉంచు, వేడి ఎగ్జాస్ట్ మీద పడకుండా కొంచెం కొంచెంగా. వెంటనే అందుకుంటే దొంగ దొరికినట్టే. దాని వైరు పెళుసెక్కి ఎక్కడైనా తగులుతోందేమో కూడా చూడు. ఆ తర్వాత...

కిరణ్: వద్దు.

ప్రసాద్: ...ఎర్త్.

కిరణ్: అన్నా!

ప్రసాద్: మీటర్‌ని డీసీ వోల్టులో పెట్టు, ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకోటి ఇంజిన్ బ్లాక్‌కి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమను. అర వోల్టు దాటిందా, వాటిని కలిపే ఆ ఎర్త్ పట్టీ తీసి తుప్పు గీకు. ఖర్చు ఒక ఉప్పుకాగితం.

కిరణ్: టైం అయిపోతోంది. ఆర్‌సీ గురించి గబగబా: పదిహేనేళ్ళు దాటాక ఫిట్‌నెస్ చూసి ఐదేళ్ళకి ఇస్తారు. ఫీజు 600 ఉండేది, 2022 ఏప్రిల్లో 5,000 చేశారు. ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు సరిచూసుకుని వెళ్ళండి.

ప్రసాద్: ఫిట్‌నెస్ ట్రాక్ మీద ఆగిపోతే?

కిరణ్: నోట్లో మంచి మాటే రాదా నీకు?

ప్రసాద్: అందుకే అంటున్నా, ముందు ఎర్త్...

కిరణ్: కట్ చేస్తున్నా, నిజంగా కట్ చేస్తున్నా. ఆ మీటర్ నీ దగ్గరే ఉందిగా, పట్టుకురా.

ప్రసాద్: దాంట్లో బ్యాటరీ లేదురా.