జపమాల పట్టుకున్న అవ్వ

నమస్కారం. ముందు తెర మీది బొమ్మలో ఎడమవైపు కింది మూల చూడండి. అక్కడ రంగు కాస్త పాడైంది కదా? దాని సంగతి చెబుతాను.

వేసింది ఫ్రెంచ్ చిత్రకారుడు పాల్ సెజాన్. ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న ఎక్స్‌లో, 1895-96 ప్రాంతంలో. ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. సెజాన్ చిన్ననాటి స్నేహితుడి కొడుకు గాస్కే, కవి. ఈ ఒక్క బొమ్మ మీద సెజాన్ ఏణ్ణర్ధం కూర్చున్నాడని ఆయన రాశాడు. తీరా చూస్తే అది నేల మీద, బొగ్గుల డబ్బా కింద పడి ఉందట. పైన గొట్టం నుంచి ఆవిరి నీళ్లు చుక్క చుక్కగా కారుతున్నాయట. ఆ మరక ఇదే.

బొమ్మలోని ఈవిడ గురించి కూడా గాస్కే ఓ కథ చెప్పాడు. మఠంలో సన్యాసిని, నమ్మకం పోయి డెబ్బై ఏళ్ల వయసులో నిచ్చెన వేసుకుని పారిపోయింది, దిక్కులేక తిరుగుతుంటే సెజాన్ పనిమనిషిగా పెట్టుకున్నాడు అని. ఆయన దుప్పట్లే చించి, కుంచెలు తుడుచుకునే గుడ్డలంటూ ఆయనకే అమ్మేదట! గాస్కే మాటకారి. కథకు కాస్త మసాలా దట్టించే రకం. కాబట్టి నేనైతే సగమే నమ్ముతాను.

కథ వదిలేసి బొమ్మలోకి రండి. ముసలివాళ్లను వేయమంటే మనం ఏం చేస్తాం? ముడతలు లెక్కపెడతాం. సెజాన్‌కు వాటితో పనిలేదు. ముఖాన్ని వెడల్పాటి రంగు పూతలతో కట్టేశాడు. వయసంతా ఆ వంగిన భుజాల్లో, తెల్ల టోపీ కింద ముందుకు వాలిన తలలో ఉంది. ఇక చేతులు. జపం చేసే చేతిలో పూసలు ఒక్కొక్కటే జరగాలి. ఈవిడ మాల మొత్తాన్ని గుప్పిట్లో బిగించేసింది, ఎవరో లాక్కుంటారన్నట్టు. మనవైపు చూడదు. తనను బొమ్మ వేస్తున్నారన్న సంగతే ఆమెకు పట్టలేదు.

ఇదే నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. కాలేజీ రోజుల్లో మా అవ్వను బొమ్మ వేస్తానంటే, పెట్టెలోంచి గంజిపెట్టిన చీర తీసి కట్టుకుని, రేషన్ కార్డు ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకు కూర్చుంది. మూడు రోజులు కష్టపడి, ముడతలన్నీ పెట్టి చూపించాను. "ఎవుర్రా ఈమె? మీ అత్తా?" అంది.

ఆ తర్వాత ఓ మధ్యాహ్నం ఆమె అరుగు మీద విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తుంటే, చెప్పకుండా పెన్సిల్‌తో గీశాను. ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది. ముఖం కుదరలేదు. కాయను నొక్కి పట్టిన బొటనవేలు మాత్రం అచ్చం ఆమెదే.