గుర్రాలకు కట్టిన రాజభవనం

శ్రోతలకు నమస్కారం.

ఒక దొరగారికి వచ్చే జన్మలో గుర్రమై పుడతానని గట్టి నమ్మకం. పుట్టాక మామూలు పాకలో కట్టేస్తే పరువేం కావాలి? అందుకని బతికుండగానే తన హోదాకు తగ్గ గుర్రపుశాల కట్టించి పెట్టుకున్నాడు. ఫ్రాన్సులో షాంటియీ అనే ఊరి గురించి ఎవరు మొదలుపెట్టినా ముందు చెప్పే కథ ఇదే. పునర్జన్మ మనకు కొత్త కాదు గాని, వచ్చే జన్మకు వసతి ముందే చూసుకున్నవాడు మన పురాణాల్లో కూడా నాకు తగల్లేదు. కథ కట్టుకథే కావచ్చు. శాల మాత్రం ఇప్పటికీ నిలబడి ఉంది.

షాంటియీ పారిస్‌కు ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, పెద్ద అడవి అంచున ఉంటుంది. శాల కట్టించినవాడు బూర్బోన్ డ్యూక్ లూయీ ఆంరీ. కాందే వంశం వాడు, రాజుగారికి దగ్గరి రక్తసంబంధీకుడు. 1719లో పునాది వేస్తే 1735 దాకా పని సాగింది. పొడవు 186 మీటర్లు. నడిమధ్య 28 మీటర్ల ఎత్తు గుమ్మటం. దానికి అటూ ఇటూ చర్చిలో ఉన్నంత ఎత్తు రాతి కప్పు కింద గుర్రాల వరసలు. మొత్తం 240 గుర్రాలకూ, 150 వేటకుక్కలకూ చోటు. ఇన్ని గుర్రాలు ఎందుకంటే వేట కోసం. ఆ రోజుల్లో దుప్పిని కుక్కలతో తరుముతూ గంటల తరబడి అడవిలో గుర్రాల మీద వెంటపడేవారు. ఒక గుర్రం అలిసిపోతే ఇంకొకటి సిద్ధంగా ఉండాలి, వెంట వచ్చిన అతిథులందరికీ గుర్రాలుండాలి. కాందే వారింట వేట అంటే సరదా ఒక్కటే కాదు. రాజుగారిని పిలిచి తమ దర్జా చూపించుకునే సందర్భం.

అంత డబ్బు ఎక్కడిదంటారా? ఇక్కడ మన గోదావరి కాస్త కలుస్తుంది. సరిగ్గా 1719లోనే పారిస్‌లో జాన్ లా అనే స్కాట్లండ్ ఆయన ఫ్రెంచి వర్తక కంపెనీలన్నిటినీ కలిపేసి ఒకే కంపెనీ చేశాడు. దాని షేర్లు ఆకాశానికి ఎగిశాయి. మరుసటి ఏడు కుప్పకూలాయి. ఎంతోమంది కొంపలు మునిగాయి. మన డ్యూక్ గారు మాత్రం షేర్లు పైనున్నప్పుడే అమ్ముకుని కోట్లకు పడగలెత్తాడు. కంపెనీ పూర్తిగా మూతపడలేదు. పుదుచ్చేరిని నడిపింది అదే, 1723లో మన యానాంలో వర్తక స్థావరం తెరిచిందీ అదే. యానాం పేరు ఆ డ్యూక్ విని ఉంటాడో లేదో గాని, ఆ కంపెనీ కాగితాల డబ్బుతోనే షాంటియీ గుర్రాలు రాతి కప్పు కింద దాణా తిన్నాయి.

1782లో రష్యా యువరాజు పావెల్ మారుపేరుతో ఫ్రాన్సు చూడ్డానికి వచ్చాడు. కాందే వారు ఆయనకు ఒక గుండ్రని మహా మందిరంలో విందు పెట్టారట. భోజనాలయ్యాక చుట్టూ ఉన్న తెరలు ఒక్కసారి తొలగిస్తే, అటూ ఇటూ బారులు తీరి గుర్రాలు! ఇంతసేపూ తిన్నది గుర్రపుశాల గుమ్మటం కింద అని అప్పుడు తెలిసింది యువరాజుకి.

ఆ తర్వాత ఏడేళ్ళకే ఫ్రెంచి విప్లవం వచ్చింది. బాస్టీల్ జైలు పడిన మూడో రోజున కాందే కుటుంబం దేశం వదిలి పారిపోయింది. వాళ్ళు నివసించిన పెద్ద భవనాన్ని ప్రభుత్వం అమ్మేసింది. కొన్నవాళ్ళు రాళ్ళ కోసం దాన్ని పడగొట్టారు. పక్కనున్న చిన్న భవనం మిగిలింది. గుర్రపుశాల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. సైన్యానికి అది పనికొచ్చింది మరి. విప్లవ సైనికుడి గుర్రానికైనా గడ్డి వేయాలి, నీడ ఉండాలి. అలా దొరలు నివసించిన ఇల్లు నేలమట్టమైంది, వాళ్ళ గుర్రాలు నివసించిన ఇల్లు చెక్కుచెదరలేదు.

నేటికి మనం చూసే పెద్ద భవనం 1875 తర్వాత పాత పునాదుల మీద లేచింది. కట్టించినవాడు ఓమాల్ డ్యూక్ ఆంరీ. ఫ్రాన్సు చివరి రాజు లూయీ ఫిలిప్ కొడుకు. కాందే వంశంలో ఆఖరివాడు 1830లో చనిపోతూ ఎస్టేటంతా ఈ కుర్రాడికి రాసిచ్చాడు. అప్పటికి వాడి వయసు ఎనిమిదేళ్ళు. పెద్దయ్యాక సైన్యంలో చేరాడు, అల్జీరియాలో యుద్ధం చేశాడు, 1844లో పెళ్ళి చేసుకున్నాడు. కొత్త దంపతుల కోసం చిన్న భవనంలో కింది అంతస్తు గదులను ఎజేన్ లామీ అనే చిత్రకారుడు అలంకరించాడు. డచెస్ గారి ఊదారంగు గది, గోడలకు పట్టు, చిన్న చిన్న కుర్చీలు, కుటుంబం చిత్రపటాలు. రాచరికపు ఆర్భాటం కంటే కాపురం కళ ఎక్కువ కనిపిస్తుంది అక్కడ. ఈ గదుల్ని పాడవకుండా బాగుచేసి 2019లో మళ్ళీ తెరిచారు.

పై అంతస్తు గదులు ఇంకా పాతవి, 18వ శతాబ్దానివి. తెల్లని చెక్క పలకల మీద బంగారు పూత. అక్కడే కోతుల గది ఉంది. 1737 ప్రాంతంలో క్రిస్తోఫ్ యూయే వేసిన బొమ్మలు. కోతులు మనుషుల బట్టలు వేసుకుని వేటకెళ్తుంటాయి, రసాయన ప్రయోగాలు చేస్తుంటాయి. దొరగారి సొంత ఇంటి గోడ మీదే దొరల ఠీవికి వెక్కిరింపు. దగ్గర్లోనే ఒక పొడుగాటి గదిలో, లూయీ ఆంరీ ముత్తాత అయిన మహా కాందే గెలిచిన యుద్ధాల చిత్రాలు వరసగా ఉంటాయి. ఆయన కొన్నేళ్ళు సొంత రాజు మీదే తిరగబడి స్పెయిన్ తరఫున పోరాడాడు. ఆ విజయాలు కూడా గోడకెక్కాలని కొడుకు కోరిక, తండ్రి ఒప్పుకోలేదు. చివరికి చిత్రకారుడు ఒక ఉపాయం పన్నాడు. బొమ్మలో చరిత్ర దేవత ఆ పుటల్ని పుస్తకంలోంచి చించేస్తూ ఉంటుంది. చిరుగుతున్న పుటల మీద ఆ యుద్ధాల పేర్లు చదువుకోవచ్చు! షాంటియీలో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ గడుసుతనమే.

1848లో రాజరికం పోయింది, ఓమాల్ ఇంగ్లండులో ప్రవాసం పోయాడు. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే ఉంటూ పుస్తకాలు, చిత్రాలు కొన్నాడు. 15వ శతాబ్దపు బెర్రీ డ్యూక్ ప్రార్థనా గ్రంథం ఆయనకు 1856లో ఇటలీలో దొరికింది. పన్నెండు నెలల పనులూ పండగలూ బొమ్మలుగా ఉన్న రాతప్రతి అది. 1871లో స్వదేశం చేరాడు గాని, అప్పటికే పెద్ద కొడుకు ఆస్ట్రేలియా ప్రయాణంలో ఉండగా సిడ్నీలో చనిపోయాడు, తర్వాత భార్య పోయింది, 1872లో మిగిలిన ఒక్క కొడుకూ పోయాడు. ఆ తర్వాతే భవనం కట్టడం మొదలుపెట్టాడు. వారసులు లేని ఇల్లు అది. 1884లో వీలునామా రాసి, అంతా ఫ్రాన్సు విద్వత్సంస్థ అయిన ఎన్‌స్టిట్యూకి ఇచ్చేశాడు. రెండేళ్ళకు ప్రభుత్వం ఆయన్ని మళ్ళీ దేశం నుంచి వెళ్ళగొట్టింది. అయినా దానం వెనక్కి తీసుకోలేదు, పైగా బహిరంగంగా ప్రకటించాడు. చివరికి ప్రభుత్వమే తగ్గి 1889లో రానిచ్చింది.

దానానికి ఆయన పెట్టిన షరతులు రెండు. ఏ వస్తువూ బయటికి అరువు ఇవ్వకూడదు, చిత్రాలు తను పెట్టిన తీరు మార్చకూడదు. 1898లో ఆ భవనాన్ని మ్యూజియంగా తెరిచింది మొదలు నేటి దాకా అలాగే నడుస్తోంది. అందుకే చిత్రాలు గోడ నిండా ఒకదాని మీద ఒకటి, ఫ్రేముకు ఫ్రేము ఒరుసుకుంటూ ఉంటాయి. పది నిమిషాల్లో కళ్ళు అలిసిపోతాయి. రఫాయేల్ గీసిన ముగ్గురు దేవకన్యల చిత్రం 17 సెంటీమీటర్ల చదరం, అంతే. తెలియకపోతే దాటి వెళ్ళిపోతాం. నా మట్టుకు ఈ మొండి షరతు మంచిదే అనిపిస్తుంది. ప్రపంచంలో పేరున్న చిత్రాలన్నీ విమానాలెక్కి తిరుగుతున్న రోజుల్లో, చూడాలంటే నువ్వే రావాలి అనే ఇల్లు ఒకటి ఉండనీ. 2025లో ఆ ప్రార్థనా గ్రంథాన్ని ప్రదర్శనకు పెట్టినా షాంటియీలోనే పెట్టారు.

షరతు మీరింది దొంగలే. 1926లో మహా కాందే పేరున్న గులాబీరంగు వజ్రాన్ని ఎత్తుకుపోయారు. కొన్ని వారాలకు అది పారిస్‌లో ఒక హోటల్ గదిలో, ఆపిల్ పండు లోపల దొరికింది.

గుర్రపుశాలకు మాత్రం ఇలాంటి షరతులేమీ లేవు. దాని ముందున్న పచ్చిక మైదానంలో 1834లో మొదటి పందేలు జరిగాయి. 1836 నుంచి జాకీ క్లబ్ పందెం, 1843 నుంచి ఆడగుర్రాలకు డియాన్ పందెం. ఈ రెండూ ఇప్పటికీ ఏటా అక్కడే. గుర్రాలను తయారుచేయడానికి ఇంగ్లండు నుంచి ట్రైనర్లు, జాకీలు వచ్చి స్థిరపడ్డారు. ఈనాటికీ ఊరి చుట్టుపక్కల రెండు వేలకు పైగా పందెపు గుర్రాలు తయారవుతాయి. తెల్లవారుజామున అడవిలోని ఇసుక బాటల మీద బారులుగా వెళ్తుంటాయి. శాలలో 1982లో ఈవ్ బియానేమే అనే స్వారీ గురువు బతికున్న గుర్రాలతోనే మ్యూజియం పెట్టాడు. గుమ్మటం కింద గుర్రాలు ఇప్పటికీ విన్యాసాలు చేస్తాయి.

పారిస్‌లో గార్ డ్యు నోర్ స్టేషన్‌లో రైలెక్కితే అరగంటలోపే షాంటియీ. దిగాక నడవగలిగితే నడవండి. మైదానం పక్కన మొదట కనిపించే పెద్ద భవనాన్నే కోట అనుకోకండి, అది గుర్రపుశాల. ముందు దాన్నే చూసేయండి. భవనంలోకి వెళ్తే ఆ గోడల నిండా ఉన్న చిత్రాలతో సాయంత్రం అయిపోతుంది.