నీళ్లు తాగిన స్పోర్ట్స్ కారు: బాగు చేయించాలా, అమ్మేయాలా?

నమస్కారం. ఇవాళ్టి రివ్యూలో కారు కదలదు. వెనక వినిపిస్తున్న చప్పుడు ఇంజనుది అనుకునేరు, అది మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో వాన నీళ్లు తోడుతున్న మోటారుది. ఇంజను చప్పుడు ఆగిపోయి 19 రోజులైంది.

ఈ కారు నాదే. రెండు తలుపులు, రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను. వెనక సీట్లు ఉన్నాయి కానీ, అక్కడ కూర్చోవాలంటే మోకాళ్లు ఇంట్లో వదిలి రావాలి. 2013 మోడల్. ఐదేళ్ల క్రితం 14 లక్షలకు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కంపెనీ పేరు చెప్పను. ముందున్న లోగోను నేనే పీకించాను, అప్పట్లో అదొక సోకు. ఇప్పుడు అదే మేలయింది, ఎందుకంటే ఈ కథలో తప్పు కంపెనీది కాదు.

మిగతా సోకులూ వినండి. ముందు ట్యూనింగ్, అంటే ఇంజనును నడిపించే కంప్యూటరు, ఈసీయూలో పెట్రోలు, స్పార్కు, టర్బో ఒత్తిడి లెక్కలు మార్పించడం. తర్వాత డౌన్‌పైప్, అంటే టర్బో నుంచి పొగ బయటికి పోయే గొట్టం, అదీ పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ లేనిది. ఆక్సిలరేటర్ వదిలినప్పుడల్లా ఢాం ఢాం అనే ఎగ్జాస్టు. "ఇక మన వీధికి దీపావళి టపాకాయలు అక్కర్లేదురా" అంది మా అమ్మ. కారును నేలవైపు దించే కాయిలోవర్ సస్పెన్షన్, 18 అంగుళాల చక్రాలు. చివరికి అసలు దోషి, కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్. అన్నీ కలిపి 4 లక్షల 20 వేలు.

(కెమెరా బంపరు కిందికి)

ఇదిగో, ఫాగ్ ల్యాంపు వెనక కనిపిస్తున్న ఎర్రటి ఫిల్టరు. ఇంజను గాలి పీల్చేది ఇక్కడినుంచి. కంపెనీ ఇచ్చిన గొట్టం మూతి పైన, బానెట్ అంచున ఉంటుంది. ఇంజను వేడి తగలని గాలి చిక్కగా ఉంటుంది. చిక్కటి గాలిలో ఆక్సిజన్ ఎక్కువ, దానితో ఎక్కువ పెట్రోలు మండించవచ్చు. అందుకని ఫిల్టరును ఇలా కిందికి దించుతారు. సిద్ధాంతం తప్పు కాదు. మే నెలలో చెన్నై తారు రోడ్డుకు జానెడు ఎత్తున చల్లగాలి వెతికిన మహానుభావుణ్ణి మాత్రం నేనే.

ఇక ఆ రోజు సంగతి. ఈశాన్య రుతుపవనాల వాన. టి.నగర్ నుంచి పశ్చిమ మాంబళం వైపు వెళ్లాలంటే రైలు పట్టాల కింది దారి దాటాలి. దాన్ని ఇక్కడ సబ్‌వే అంటారు. నీళ్లు మోకాళ్లకు కిందే ఉన్నాయి. నా ముందు ఒక ఆటో చక్కగా దాటిపోయింది. ఆటో వెళ్లగా లేనిది మనం వెళ్లలేమా అనుకున్నాను. ఆటోకు ఇంజను వెనక ఉంటుందన్న సంగతి అప్పుడు తట్టలేదు. నా కారు సగం దూరంలో టక్కున ఆగిపోయింది. అంతవరకు జరిగింది తెలివితక్కువతనం. ఆ తర్వాత చేసినది మూర్ఖత్వం. మళ్లీ స్టార్ట్ బటన్ నొక్కాను.

గాలిని నొక్కితే కుంచించుకుపోతుంది. ఈ ఇంజనులో పిస్టను పైకి వచ్చేసరికి గాలి దాదాపు పదో వంతుకు చేరుతుంది. నీళ్లు అలా కుంచించుకోవు. పిస్టను పైకి తోస్తుంటే, వాల్వులు మూసుకుని ఉంటే, లోపలి నీటికి పోవడానికి దారి ఉండదు. వంగగలిగింది ఒక్కటే, పిస్టనును మోసే కనెక్టింగ్ రాడ్డు. దీన్నే మెకానిక్కులు హైడ్రోలాక్ అంటారు. నీళ్లలో బండి ఆగితే ఎంత ఆదుర్దాగా ఉన్నా బటన్ ముట్టుకోకండి. పక్కకు తోయించండి. స్పార్క్ ప్లగ్గులు విప్పించి, క్రాంకును, అంటే పిస్టన్లను కదిపే ఇరుసును, చేత్తో తిప్పిస్తే నీళ్లు ఆ రంధ్రాల్లోంచి చిమ్ముకుంటూ బయటికి వస్తాయి. అదృష్టం బాగుంటే ఆయిలు, ఫిల్టర్లు మార్చడంతో సరిపోతుంది.

బీమా గురించి క్లుప్తంగా. నీళ్లలో ఆగిన ఇంజనును మళ్లీ స్టార్ట్ చేయబోయి పాడుచేసుకుంటే మామూలు పాలసీలో దానికి సాధారణంగా పరిహారం రాదు. ఇంజన్ ప్రొటెక్షన్ అని విడిగా కొనాలి, పాత కార్లకు అది దొరకడం కష్టం. పైగా నేను చేయించిన మార్పులేవీ బీమా వాళ్లకు చెప్పలేదు. సర్వేయరు వంగి ఆ ఎర్ర ఫిల్టరును చూశాడు, లేచి నన్ను చూశాడు. ఒక్క మాటా అనలేదు.

సరే, లోపల ఎంత పాడైంది? దీనికి జవాబు తెలియకుండా అమ్మడమా, బాగు చేయించడమా అని తల బద్దలుకొట్టుకోవడం దండగ. ప్లగ్గులు తీసి, సన్నటి బోర్‌స్కోప్ కెమెరా లోపలికి పంపించాం. నాలుగు పిస్టన్లూ పైకి వచ్చినప్పుడు ఒకే ఎత్తుకు రావాలి. మూడోది దాదాపు 3 మిల్లీమీటర్లు కిందే ఆగిపోతోంది. సిలిండరులో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజీ పెడితే మిగతా మూడింటిలో 165 పీఎస్ఐ చుట్టూ ఉంది, దీంట్లో 110. రాడ్డు వంగిందని తేలిపోయింది. సిలిండరు గోడల మీద కెమెరాకు కనిపించే గీతలు లేవు. ఈ పరీక్షకు 6 వేలు అయింది. ఐదేళ్లలో ఈ కారు మీద పెట్టిన డబ్బులో నాకు పూర్తిగా గిట్టుబాటైనది ఈ 6 వేలే. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఖర్చు ఎంతవుతుందని మూడు చోట్ల అడిగాను. కంపెనీ సర్వీస్ సెంటరులో రాడ్డు ఒక్కటి మార్చరట, కొత్త షార్ట్ బ్లాకే, అంటే సిలిండర్లు, పిస్టన్లు, క్రాంకు ఉన్న ఇంజను కింది సగమే, వేస్తారట. 7 లక్షల 40 వేలు. ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని మర్యాదగా బయటికి వచ్చాను.

రెండోది పుదుపేట. ఎగ్మూరు పక్కన, కూవం నది దగ్గర ఉంటుంది. చెన్నైలో కారు పిచ్చి ఉన్నవాళ్లకు అది పుణ్యక్షేత్రమే. దుకాణాల ముందు బంపర్లు తోరణాల్లా వేలాడుతుంటాయి. తలుపులు పుస్తకాల్లా వరసగా నిలబెట్టి ఉంటాయి. నా కారు ఇంజనే, పూర్తిగా, 2 లక్షల 60 వేలకు ఇస్తామన్నారు. ఆశ పుట్టింది. కానీ ఈ ఊళ్లో 2015 డిసెంబరు వరదలు వచ్చాయి, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది. నాలాంటి ఇంకో మహానుభావుడు ముంచిన ఇంజను కాదని నేనెలా నమ్మాలి? ఇంకో చిక్కు కూడా ఉంది. ఆర్‌సీలో చాసిస్ నంబరుతో పాటు ఇంజను నంబరు ఉంటుంది. ఇంజను మారిస్తే ఆ మార్పును ఆర్టీఓ ఆఫీసులో నమోదు చేయించాలి, అది ఎక్కడినుంచి వచ్చిందో కాగితాలు చూపించాలి. కాగితాల మాట ఎత్తగానే దుకాణదారుడు టీ చెప్పాడు. టీ తాగి వచ్చేశాను.

మూడోది ఉన్న ఇంజనునే విప్పి బాగు చేయడం. నాలుగు రాడ్లూ బరువు సరిచూసిన కొత్త సెట్టు, బేరింగులు, హెడ్ గ్యాస్కెట్, ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడని బోల్టులు, లేత్ పని, కూలి, అన్నీ కలిపి 2 లక్షల 90 వేలు. ఈ మెకానిక్‌ను నేను నమ్మడానికి కారణం అతను నాకు చెప్పినది కాదు, అడిగినది. "సిలిండరు గోడలు అరిగి కోలగా మారాయేమో బోర్ గేజీతో కొలుస్తాను, క్రాంకు వంపు చూస్తాను. అవి బాగా లేకపోతే ఎక్కడ ఆపమంటారు?" అన్నాడు. పని మొదలుపెట్టకముందే ఎక్కడ ఆపాలని అడిగిన మెకానిక్‌ను నేను ఇంతకు ముందు చూడలేదు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే కాగితం, పెన్ను తీశాను. మీకూ పనికొస్తుంది, చూడండి.

ఇలాగే, ఉన్నది ఉన్నట్టు అమ్మితే ఎంత? పాత కార్లు కొనే ముగ్గుర్ని పిలిచాను. ఒకరు కారు చూడకుండానే 3 లక్షలన్నారు. ఇంకొకరు బానెట్ తెరిచి, నిట్టూర్చి, మూసి 3 లక్షల 25 వేలన్నారు. మూడో ఆయనకు కెమెరా ఫొటోలు, కంప్రెషన్ అంకెలు చూపించాను. 3 లక్షల 75 వేలకు వచ్చాడు. చూశారా, ఆ 6 వేల పరీక్ష 50 వేలు తెచ్చిపెట్టింది. మొదటి ఇద్దరూ వెల కట్టింది నా వంగిన రాడ్డుకు కాదు. లోపల ఇంకా ఏముందోనన్న వాళ్ల భయానికి.

నడిచే స్థితిలో ఉంటే ఎంత? కంపెనీ సామానుతో ఉన్న ఇదే కారు 9 లక్షల 50 వేలకు పోతుంది. నేను మార్పులన్నీ చేయించిన స్థితిలో, వానకు ముందు ఒకసారి అడిగితే, 8 లక్షల 50 వేలు దాటి ఎవరూ రాలేదు. 4 లక్షల 20 వేలు పెట్టి కారు ధరను లక్ష తగ్గించుకున్న ఘనత నాది.

కంపెనీ సామానుతో నడిచే కారు ధరకూ, ఉన్నది ఉన్నట్టు అమ్మితే వచ్చే 3 లక్షల 75 వేలకూ తేడా 5 లక్షల 75 వేలు. బాగు చేయించే ఖర్చు ఇంతకంటే తక్కువైతే చేయించాలి, ఎక్కువైతే కూడదు. కానీ రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా బీమా గడువు ఉంది, బ్యాటరీ ఉంది, నా ఓపిక కూడా ఉంది. అందుకని 4 లక్షల 50 వేల దగ్గర గీత గీశాను. బ్లాకు పాడైందని తేలి ఖర్చు ఆ గీత దాటితే, విప్పిన భాగాలను పెట్టెల్లో సర్ది అలాగే అమ్మేస్తాను. విప్పిన ఇంజనుకు ధర ఇంకా తగ్గదా అంటారేమో. తగ్గుతుంది. ఆ నష్టానికి సిద్ధపడే గీత గీశాను.

ఇక్కడ ఒక షరతు ఉంది. బాగు చేయించడమంటే నేను పాడుచేసిన స్థితికి కాదు, కంపెనీ ఇచ్చిన స్థితికి తీసుకురావడం. ధర కోసమే కాదు, చట్టం కోసం కూడా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం వాహనాన్ని కంపెనీ నిర్దేశించినదానికి భిన్నంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఏ సెక్షను ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకూ యజమానికి 5 వేల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. నా మార్పులు లెక్కపెట్టుకున్నాను. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను.

అదృష్టవశాత్తూ పాత సామాను పారేయలేదు. అసలు చక్రాలు, స్ప్రింగులు, ఎగ్జాస్టు, గాలి డబ్బా, అన్నీ నెల్లూరులో మా ఇంటి అటక మీద ఆవకాయ జాడీల పక్కన ఉన్నాయి. ఫోను చేస్తే అమ్మ అంది: "ఆ నల్ల ప్లాస్టిక్ డబ్బానా? మొన్న పాత సామాన్ల అతను వస్తే ఇచ్చేద్దామనుకున్నాను. బరువు లేదని అతనే వద్దన్నాడు." క్యాటలిటిక్ కన్వర్టర్ ఒక్కటే అప్పట్లో గ్యారేజీలో వదిలేశాను. దానిలో ప్లాటినం, పలేడియం లాంటి ఖరీదైన లోహాలు ఉంటాయన్న సంగతి వాళ్లకు తెలుసు, నాకు తెలియదు. ఇప్పుడు కొత్తది కొనుక్కోవాలి, దాని డబ్బు ఆ గీతలోపలే సర్దుకోవాలి.

మధ్యలో నెల్లూరు నుంచే ఒక తమ్ముడు ఫోను చేశాడు. "అన్నా, అలాగే కొంటాను, కానీ పేరు ఇప్పుడే మార్చొద్దు, ఎన్ఓసీ, ఏపీ ట్యాక్సు అన్నీ తలనొప్పి" అన్నాడు. కుదరదన్నాను. ఆర్‌సీలో ఎవరి పేరుంటే వారే యజమాని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. నెల్లూరులో అతను బ్రేకు వేయకపోతే చెన్నైలో నేను కోర్టు మెట్లెక్కాలి.

"ఇంతకీ ఆ మార్పులు బాగుండేవా?" అని అడుగుతారు, ఇది రివ్యూ కదా. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ ఉంది, 3.7 కిలోమీటర్ల పొడవు. 1990లో అది రాకముందు పందేలు చోళవరంలో, పాత విమానాల రన్‌వే మీద జరిగేవి. నెల్లూరు నుంచి వచ్చే దారిలోనే ఆ ఊరు, బస్సులో దాటినప్పుడల్లా మా నాన్న చూపించేవాడు. ట్రాక్ అందరికీ తెరిచిన ఒక ఆదివారం ఈ కారును తీసుకెళ్లాను. ఆ మలుపుల్లో ఈ సస్పెన్షన్ పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేసింది. ట్యూనింగ్ కూడా. ఎగ్జాస్టు మాత్రం అక్కడా చప్పుడే చేసింది. ఐదేళ్లలో అలాంటి ఆదివారాలు నాలుగు. మిగతా రోజులన్నీ స్పీడ్ బ్రేకరు కనబడగానే ఊపిరి బిగబట్టడమే.

కాబట్టి బాగు చేయిస్తున్నాను. నడిచాక అమ్ముతానా, ఉంచుకుంటానా అన్నది అప్పుడే చూస్తాను, నడిచే కారును ఎప్పుడైనా అమ్మవచ్చు. మార్పుల సామాను మాత్రం విడివిడిగా ఇప్పుడే అమ్ముతున్నాను. కారుతో కలిపితే వాటికి పైసా రాదు, విడిగా 1 లక్ష 30 వేల దాకా వస్తుందని అంచనా.

నిన్న రాత్రి ప్రకటన పెట్టాను. మొదటి ఫోను పొద్దున ఆరు గంటలకే వచ్చింది, తెలుగబ్బాయే. ఆ ఎర్ర ఫిల్టరు ఇన్‌టేక్ కావాలట, బేరం కూడా ఆడలేదు. ఇల్లెక్కడ బాబూ అని అడిగాను.

వేళచ్చేరి అన్నాడు. వానొస్తే నీళ్లు నిలిచే పేట.

ఎగ్జాస్టు తీసుకో తమ్ముడూ, అన్నాను.