కరిచిందీ కుక్కే, మాయమైందీ కుక్కే!

పెంపుడు కుక్క పక్కింటివాళ్లని కరిస్తే యజమాని గంటలో ఏం చేస్తాడో తెలుసా? పుండు కడగడు. ఆటో పిలవడు. కుక్కని కారెక్కించి గూడూరులో మావయ్య తోటకి పంపేస్తాడు! అసలు నేరం ఇదే అంటాన్నేను. కరవడం కుక్క పని అనుకుందాం. దాన్ని ఊరు దాటించడం మాత్రం అచ్చంగా మనిషి పని.

2024 మేలో చెన్నై నుంగంబాక్కం పార్కులో రాట్‌వీలర్ కుక్కలు చిన్నపిల్ల మీద పడ్డాయి. 2025 ఆగస్టులో అదే చెన్నై జాఫర్‌ఖాన్‌పేటలో పిట్‌బుల్ కుక్క ఒకాయన ప్రాణం తీసింది. అప్పట్నుంచీ చెన్నైలో ఎక్కడ చూసినా ఏ జాతి మంచిది, ఏ జాతి చెడ్డది అన్న రచ్చే. పామరేనియన్ కరిస్తే రేబిస్ రాదా ఏంటి?

10 రోజులండీ! కరిచిన కుక్క 10 రోజులు కళ్లముందు ఉండాలి. రేబిస్ వైరస్ చొంగలోకి దిగాక ఆ కుక్క ఎక్కువ రోజులు బతకదు. పదకొండో రోజు కూడా తోకూపుకుంటూ పెరుగన్నం తింటోందంటే, కరిచిన రోజు దాని నోట్లో వైరస్ లేనట్టే. మిగతా సూదులు ఆపాలా వద్దా అని డాక్టరు అప్పుడు చూస్తారు. తోటలో ఉన్న కుక్క సంగతి ఎవరు చెప్పాలి? "బానే ఉందండీ, ఫోన్‌లో కనుక్కున్నాం" అంటారు. ఫోన్‌లో!

అలాగని 10 రోజులు చూసి సూది వేయించుకుందాం అని కూర్చోకండి, పోతారు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మందు లేదు. కొళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు, గడియారం చూసుకుని కడగండి. కారం, సున్నం, కాఫీపొడి పట్టుకొచ్చే పెద్దమ్మని వంటింట్లోనే ఆపండి. ఆ రోజే టీకా మొదలు. కండకి వేసేదైతే భుజానికి 0 (అంటే మొదటి సూది రోజు), 3, 7, 14, 28 రోజుల్లో. పిరుదుకి వద్దు, కొవ్వులో ఇరుక్కుని సరిగ్గా పనిచేయదు.

తోలు చీలి రక్తం వచ్చిందా, టీకా ఒక్కటే చాలదు. ఇమ్యునోగ్లోబ్యులిన్‌ని, అంటే వైరస్‌ని అక్కడికక్కడే అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల మందుని, పుండులోకీ చుట్టూతా ఎక్కించాలి. గుర్రం నుంచి తీసిందైతే కిలోకి 40 యూనిట్లు. 15 కిలోల పిల్లాడికి 600 యూనిట్లు, అంటే మామూలుగా దొరికే మందులో 2 మిల్లీలీటర్లు. మొహం మీద నాలుగు గాట్లుంటే ఆ రెండు ఏ మూలకి? సెలైన్ కలిపి పెంచి నాలుగింటికీ పంచాలి. తప్పు జరిగేది ఇక్కడే: చిన్న గాటే కదా అని ఒకటి వదిలేస్తారు, లేదా మందు ఎక్కించకుండానే కుట్లేసేస్తారు.

ఇక చట్టం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291: తన దగ్గరున్న జంతువు వల్ల ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే 6 నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఐదు వేలేగా అని నవ్వకండి. తీవ్ర గాయమైతే 125 కింద 3 ఏళ్ల దాకా, ప్రాణం పోతే 106 కింద 5 ఏళ్ల దాకా పడొచ్చు. నష్టపరిహారం దావా వేరే. "తన దగ్గరున్న" అన్న మాట విన్నారుగా? గొలుసు వాచ్‌మన్ కుర్రాడి చేతికిచ్చి మీరు పైన టీవీ చూస్తుంటే, కేసులో వాడు కూడా ఇరుక్కోవచ్చు. నెలజీతం వాడికి కుక్కని తిప్పమని, జైలు బోనస్సా?

పంటిగాటుకి 10,000 వస్తాయట కదా అంటారు. అది 2023లో పంజాబ్, హర్యానా హైకోర్టు వీధి జంతువుల విషయంలో ప్రభుత్వం కట్టాలన్న లెక్క. మీ పక్కింటి టామీకి వర్తించదు.

బాధితులు మూడు దాచుకోండి. సర్కారు ఆసుపత్రిలో ఏఆర్ (యాక్సిడెంట్ రిజిస్టర్, గాయాల వివరం రాసే పుస్తకం) కాపీ, అందులో "పెంపుడు కుక్క కాటు" అని రాయించి మరీ. పోలీస్ స్టేషన్లో సీఎస్ఆర్ రసీదు, అంటే మీ ఫిర్యాదు అందిందని ఇచ్చే కాయితం. మూడోది, నాకిష్టమైనది, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు. రెండు నెలల క్రితం "మీ కుక్క మా పాప మీదికి ఎగిరింది" అని మీరు పెట్టిన మెసేజ్, దానికింద ఆయన "మావాడు ఏమీ చెయ్యడండీ" అని ఇచ్చిన జవాబు. కుక్క సంగతి ఆయనకి ముందే తెలుసనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఆ గ్రూపులోంచి ఎవరూ డిలీట్ చేయకముందే తీసి పెట్టుకోండి.

మీ అపార్ట్‌మెంట్ కుక్కని ఏ ఊరికి పంపేశారో కింద రాయండి. గూడూరు, సూళ్లూరుపేట, చిత్తూరు... లెక్కేద్దాం.