తలకు స్కాన్: ఏం వెతకాలో ముందు చెప్పండి

అందరికీ నమస్కారం.

రేడియాలజీ విభాగానికి వచ్చే చీటీల్లో తరచూ రెండే మాటలుంటాయి: తలనొప్పి, స్కాన్. ఎముక చూడాలా, రక్తస్రావమా, సైనస్‌లో (ముఖం ఎముకల్లోని గాలి గదిలో) చీము పట్టిందా? దేన్ని వెతుకుతున్నామో తెలిస్తేనే ఏ యంత్రమో తేలుతుంది.

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టాక కపాలం కనిపించింది గానీ మెదడు కనిపించలేదు. 1918-19లో అమెరికా న్యూరోసర్జన్ వాల్టర్ డాండీ మెదడు కుహరాల్లోని ద్రవం తీసేసి, గాలి నింపి, ఎక్స్‌రే తీశాడు. రోగికి అది నరకం: విపరీతమైన తలనొప్పి, వాంతులు. అయినా కొన్ని దశాబ్దాలు ఆ పద్ధతే నడిచింది. 1971 అక్టోబర్ 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో తొలిసారి ఒక రోగి తలకు సీటీ (ఎక్స్‌రేలతో లోపలి భాగాన్ని పొరలు పొరలుగా చూపే స్కాన్) తీశారు. యంత్రం రూపొందించిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ డాక్టరు కాదు, ఇంజనీరు. సాంద్రతను ఇప్పటికీ ఆయన పేరుతోనే కొలుస్తాం. నీరు 0, గాలి మైనస్ 1000, మెదడు 30-40 దగ్గర, గడ్డకట్టిన కొత్త రక్తం 50-70 దగ్గర ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ సీటీలో తెలుపు పెరుగుతుంది. రక్తం తెల్లగా కనబడేది అందుకే.

పక్షవాతం అనుమానం రాగానే చాలాచోట్ల ముందు సీటీ తీసేదీ అందుకే. మెదడు రక్తనాళాన్ని మూసేసిన రక్తపు గడ్డను కరిగించే మందు ఎక్కించాలంటే లోపల రక్తస్రావం లేదని తేలాలి. ఇక్కడే బంధువులు పొరబడతారు. "సీటీ నార్మలే కదండీ, ఇంటికి తీసుకెళ్తాం" అంటారు. నాళం మూసుకుపోయిన తొలి గంటల్లో సీటీ మామూలుగానే ఉండొచ్చు. అప్పుడు పనికొచ్చేది అయస్కాంతంతో తీసే ఎంఆర్ఐ స్కాన్. అందులో డిఫ్యూజన్ అనే పద్ధతి నీటి అణువుల కదలికను చూస్తుంది. రక్తం అందని కణాలు ఉబ్బి ఆ కదలిక తగ్గిపోతే, ఆ చోటు చాలా త్వరగా తెల్లగా మెరుస్తుంది.

సైనస్‌ల విషయంలో నా సలహా వేరు: మామూలు జలుబుకు స్కాన్ వద్దు. జలుబు ఉన్నప్పుడు సీటీ తీస్తే సైనస్‌లు నిండినట్టే కనబడతాయి, జలుబుతోపాటే అదీ పోతుంది. ఏ బాధా లేనివాళ్ల రిపోర్టుల్లోనూ "మ్యూకోసల్ థికెనింగ్" (లోపలి పొర మందమవడం) అని ఉంటుంది, దానికి కంగారు పడనక్కర్లేదు. నెలల తరబడి తగ్గకపోతే, కన్ను వాస్తే, ఆపరేషన్ అనుకుంటే అప్పుడు సీటీ కావాలి. ఎందుకంటే సైనస్‌కూ కంటికీ, సైనస్‌కూ మెదడుకూ మధ్య ఉండేది పలుచటి ఎముకే. ఆ ఎముక ఎక్కడ అరిగిందో సర్జనుకు ముందే తెలియాలి.

ఒక్కోసారి ఎంఆర్ఐ కూడా మోసం చేస్తుంది. సైనస్‌లో ఎండి గట్టిపడిన ఫంగస్ టీ2 అనే రకం చిత్రాల్లో నల్లగా, అచ్చం గాలిలా కనిపిస్తుంది. ఖాళీగా ఉందనుకుంటాం. అదే సీటీలో తెల్లగా బయటపడుతుంది. ఖరీదైన స్కానే గొప్పదనే నమ్మకం నాకు లేకపోవడానికి ఇదొక కారణం.

రేడియేషన్ గురించి రెండు మాటలు. తలకు ఒక సీటీ అంటే సుమారు 2 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి అందే రేడియేషన్‌కు కొలమానం). ప్రకృతి నుంచి ఏడాదికి మనకు సగటున అందేది 2.4. అవసరమైతే భయపడొద్దు, సరదాకు తీయించుకోవద్దు.

ఎంఆర్ఐలో రేడియేషన్ ఉండదు గానీ బలమైన అయస్కాంతం ఉంటుంది. పేస్‌మేకర్ సంగతి అందరూ చెబుతారు. కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా అని అడిగితే మాత్రం నవ్వుతారు. వెల్డింగ్, గ్రైండింగ్ చేసినవాళ్లు నవ్వకుండా జవాబివ్వండి. అయస్కాంతం ఆ రజనును కదిలిస్తే చూపే పోవచ్చు. అనుమానం ఉంటే ముందు కళ్లకు ఎక్స్‌రే తీసి, ఆ తర్వాతే లోపలికి పంపుతాం.