పసిబిడ్డ ఆయాసానికి గాలి మిషనే మందా?

నమస్కారమమ్మా. పొలం పనులు మానుకుని ఆమదాలవలస దాకా వచ్చారు, అందుకని సూటిగా విషయంలోకి వెళ్తాను.

చలికాలం వచ్చిందంటే తల్లులు అడిగేది ఒకటే: "డాక్టరు గారూ, పాపకు పిల్లికూతలు వస్తున్నాయి, కాస్త గాలి పెట్టండి." నెబ్యులైజర్, అదే మందును పొగమంచులా చేసి పీల్పించే గాలి మిషన్, పెట్టకపోతే వైద్యం చెయ్యనట్టే లెక్క. కొందరు మిషన్ కొనుక్కుని ఇంట్లోనే పెట్టేస్తున్నారు. వాళ్ల టెన్షన్ నాకు తెలుసు. కానీ పిల్లికూతలన్నీ ఒకటి కావు.

ఉబ్బసంలో ఊపిరి గొట్టాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. మిషన్‌లో వేసే సాల్బుటమాల్ దాన్ని వదులు చేస్తుంది, కాసేపట్లో ఊపిరి ఆడుతుంది. ఏడాది లోపు బిడ్డకు జలుబుతో మొదలై ఆయాసంగా మారేది చాలావరకు బ్రాంకియోలైటిస్. ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ దీనికి ముఖ్య కారణం. ఇందులో సన్నని గొట్టాల లోపలి పొర వాచి, కఫం అడ్డుపడుతుంది. కాలువ పూడుకుపోతే గట్టు సడలించి ఏం లాభం?

2014లో కోక్రేన్ సమీక్ష, అంటే వైద్య పరిశోధనలన్నీ కలిపి తూకం వేసే ఒక అంతర్జాతీయ సంస్థ నివేదిక, 30 పరిశోధనల్లోని 1,992 మంది పసిపిల్లల వివరాలు కలిపి చూసింది. బ్రాంకియోలైటిస్‌లో సాల్బుటమాల్ లాంటి మందులతో రక్తంలో ఆక్సిజన్ మెరుగుపడలేదు, ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం తగ్గలేదు, చేరినవాళ్లు తొందరగా ఇంటికీ వెళ్లలేదు. గుండె దడ, వణుకు మాత్రం వచ్చాయి. అదే ఏడాది అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా ఈ జబ్బుకు సాల్బుటమాల్ వద్దంది. స్టెరాయిడ్లు కూడా వద్దంది. వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ కూడా పనిచెయ్యదు. బ్యాక్టీరియా వల్ల న్యుమోనియా వస్తే మాత్రం యాంటీబయాటిక్ ప్రాణం నిలబెడుతుంది, డాక్టరు చెప్పినన్ని రోజులూ వెయ్యాలి. అలాగే ఉబ్బసం ఉన్న పెద్దపిల్లలకు రాసిన ఇన్‌హేలర్ నా మాట విని ఆపెయ్యకండి.

మరి పసిబిడ్డకు ఏం చెయ్యాలి? ముక్కు చూడండి. ఈ వయసు బిడ్డ ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి పీలుస్తుంది, ముక్కు మూసుకుపోతే పాలు తాగలేదు. పాలిచ్చే ముందు ముక్కులో సెలైన్ (ఉప్పునీటి మందు) చుక్కలు వేసి, మెత్తటి గుడ్డతో తుడవండి. పాలు కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పట్టండి. మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా ఆయాసం ఎక్కువగా ఉంటుంది, తర్వాత మెల్లగా తగ్గుతుంది. దగ్గు రెండు మూడు వారాలు ఉండొచ్చు. దానికోసం మందుల షాపుకెళ్లి దగ్గు సిరప్ తేవద్దు.

ఇంకోటి, పొగ. స్నానం చేయించాక సాంబ్రాణి పట్టడం మన ఇళ్లలో మామూలే. మామ్మ అడ్డచుట్ట కాలుస్తూనే మనవణ్ణి ఒళ్లో వేసుకుంటుంది. ప్రేమతోనే, కాదనను. కానీ వాచిన గొట్టాలకు ఆ పొగ విషం. ఆ మామ్మల కాళ్లు పట్టుకునైనా ఈ ఒక్కటీ మాన్పించాలి. పొట్ట మీద వాతలు పెట్టే ఊళ్లు ఇంకా ఉంటే, ఆశా చెల్లెళ్లూ, దయచేసి అడ్డుపడండి.

ఎప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలో చెప్తాను. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట లేచిపడేది ఒక్క నిమిషం నిండా లెక్కపెట్టండి. 2 నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఆపైన ఐదేళ్ల దాకా 40 — అంతకు చేరినా దాటినా వెంటనే చూపించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, మూలుగుతున్నా, పాలు సగానికి సగం తగ్గినా, పెదాలు నీలంగా మారినా, మధ్యలో ఊపిరి ఆగినట్టున్నా లెక్కపెడుతూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చెయ్యండి. ఆసుపత్రిలో బిడ్డకు కావలసింది ఆక్సిజన్, అవసరమైతే నరానికి ఎక్కించే సెలైన్, లేదా ట్యూబు ద్వారా పాలు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలనూ, గుండె జబ్బున్నవాళ్లనూ ఈ గుర్తులు కనిపించేదాకా ఆగకుండా ముందే తీసుకెళ్లండి.

ఇప్పుడు పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు ముందుకు రండి. ఆశా చెల్లెళ్లూ, గడియారాలు తియ్యండి, ఒక్కో బిడ్డ ఊపిరి ఇక్కడే లెక్కపెడదాం.