పియానో లయ మారితే అడుగూ మారాలి

[దృశ్యం: వసారాలో నడుస్తున్న ఒక పెద్దావిడ. పక్కనున్న వారు పలకరించగానే ఆగి, జవాబు చెప్పి, మళ్లీ కదులుతారు.]

వ్యాఖ్యానం: ఈవిడ ఎందుకు ఆగారో గమనించారా? స్వీడన్ పరిశోధకులు వృద్ధుల వసతి గృహాల్లో 58 మందిని ఇలాగే నడిపించి, నడుమ మాట కలిపి చూశారు. జవాబు చెప్పడానికి నడక ఆపినవారు 12 మంది కాగా, తరువాతి ఆరు నెలల్లో వారిలో 10 మంది పడిపోయారని 1997లో ప్రకటించారు. కాళ్ల బలం ఒక్కటే చాలదని, నడకను మరొక పనితో కలిపి నడిపించే శక్తి మెదడుకు ఉండాలని దీన్నిబట్టి తెలుస్తుంది.

[దృశ్యం: జెనీవా నగరం. ఒక గదిలో పియానో, దాని చుట్టూ నడుస్తున్న వృద్ధులు.]

వ్యాఖ్యానం: స్విట్జర్లాండ్‌కు చెందిన సంగీత గురువు ఎమీల్ జాక్ దాల్‌క్రోజ్, విద్యార్థులకు లయ చేతివేళ్లలోనే కాక ఒళ్లంతా పలకాలన్న ఉద్దేశంతో ఒక శిక్షణ పద్ధతిని రూపొందించారు. శతాబ్దం తరువాత జెనీవా వైద్యులు దానినే వృద్ధులకు వాడి చూశారు. పడిపోయే ముప్పు ఎక్కువగా ఉన్న 134 మందిలో ఒక బృందం వారానికి ఒక గంట చొప్పున ఆరు నెలలు ఈ తరగతులకు వెళ్లింది. రెండో బృందం తన వంతు కోసం వేచి ఉంది. పియానో వేగం మారిన క్షణంలోనే అడుగు మార్చడం, బరువును ఒక కాలి నుంచి మరో కాలికి సాఫీగా చేర్చడం, చేతిలో వస్తువు ఉండగానే మలుపు తిరగడం అక్కడి సాధన. 2011లో వెలువడిన ఫలితాల ప్రకారం, వేచి ఉన్నవారితో పోలిస్తే సాధన చేసినవారిలో పడిపోవడాలు సగానికి పైగా తగ్గాయి. ఏకకాలంలో రెండు పనులు చేస్తున్నప్పుడు కూడా వారి అడుగుల నిడివిలో తడబాటు తగ్గింది.

[దృశ్యం: జంటలుగా నృత్యం చేస్తున్న వృద్ధులు, సిడ్నీ.]

వ్యాఖ్యానం: అయితే ఏ నృత్యమైనా సరిపోతుందనుకోవడం పొరపాటు. సిడ్నీలో 23 విశ్రాంత నివాసాలకు చెందిన 530 మందితో జరిపిన ప్రయోగంలో, ఏడాది పాటు జానపద లేదా బాల్‌రూమ్ నృత్యం చేసినా పడిపోవడాలు తగ్గలేదు. అంతకుముందే పలుమార్లు పడినవారిలో అవి పెరిగాయి కూడా. జనాదరణ పొందిన వార్తల్లో ఈ రెండో కథ అంతగా వినిపించదు! నా అంచనాలో తేడా ఇక్కడుంది: అలవాటైన అడుగులనే తిప్పి తిప్పి వేయడం వేరు, తరువాత ఏ మార్పు వస్తుందో తెలియక చెవి ఒగ్గి అడుగు వేయడం వేరు.

[దృశ్యం: గుడి ముంగిట కోలాటం.]

వ్యాఖ్యానం: కోలాటం ఆడినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. గురువు కోపు, అంటే అడుగుల వరుస, మార్చగానే పాట, కర్ర, అడుగు మూడూ కలిసి మారాలి. ఇంట్లో పెద్దలతో మొదలుపెట్టదలిస్తే, ఇదివరకు పడినవారిని, కళ్లు తిరిగే వారిని ముందుగా వైద్యునికి చూపించండి. జారని నేల మీద, చేతికందే దూరంలో గోడ ఉండేలా చూసుకుని, తొలుత కర్రలు లేకుండా అడుగులే వేయించండి. అవి కుదిరాక కర్రలు ఇచ్చి, ఆ తరువాతే పాట అందుకోమనండి.